మూడో దారి ఉంది, కమిటీల దగ్గరే జాగ్రత్త

ఇజ్రాయెల్-పాలస్తీనా సమస్యకు 'రెండు దేశాలు, లేదంటే ఒకే దేశం, ఇంకో దారి లేదు' అని ఒక వ్యాసంలో తేల్చేశారు. ఉందండి. 2022లో ఇజ్రాయెల్ మాజీ మంత్రి యోసీ బెయిలిన్, పాలస్తీనా న్యాయవాది హిబా హుస్సేనీ కలిసి కాన్ఫెడరేషన్ ప్రతిపాదన పెట్టారు. అంటే రెండూ స్వతంత్ర దేశాలుగానే ఉంటూ కొన్ని వ్యవహారాలను ఉమ్మడి సంస్థలతో నడుపుకోవడం. అందులో అసలు కీలకం పౌరసత్వాన్నీ నివాసాన్నీ విడదీయడం. 1967 నుంచి ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న పాలస్తీనా ప్రాంతం వెస్ట్ బ్యాంక్‌లో ఉండిపోదలచిన యూదు సెటిలర్లు (అక్కడికి వచ్చి స్థిరపడ్డ ఇజ్రాయెలీలు) ఇజ్రాయెల్ పౌరులుగానే ఉంటూ పాలస్తీనా చట్టం కింద శాశ్వత నివాసులవుతారు. అంతే సంఖ్యలో పాలస్తీనా పౌరులు ఇజ్రాయెల్‌లో అదే హోదాతో ఉండొచ్చు. సెటిలర్లను ఖాళీ చేయించడం తేలిక కాదు కాబట్టే ఈ ఏర్పాటు. 2005లో గాజా నుంచి సుమారు 8,000 మంది సెటిలర్లను ఖాళీ చేయించడానికే ఇజ్రాయెల్ అట్టుడికిపోయింది. వెస్ట్ బ్యాంక్‌లో, తూర్పు జెరూసలేంను వదిలేసినా, సెటిలర్లు 5 లక్షల పైమాటే.

నా భయమల్లా కాన్ఫెడరేషన్‌లో పెట్టే ఉమ్మడి సంస్థల గురించే. 1995లో ఇజ్రాయెల్, పాలస్తీనా నాయకత్వం కుదుర్చుకున్న ఓస్లో-2 ఒప్పందంతో వచ్చిన ఉమ్మడి నీటి కమిటీనే చూడండి. ఇరువైపులా సమాన సభ్యులు, ఏకాభిప్రాయంతోనే నిర్ణయం. కాగితం మీద న్యాయంగానే ఉంది. కానీ దాని పరిధి వెస్ట్ బ్యాంక్ వరకే. వెస్ట్ బ్యాంక్ కొండల కింది అదే భూగర్భ జలాన్ని ఇజ్రాయెల్ తన వైపు నుంచి ఎంత తోడినా ఆ లెక్క కమిటీ ముందుకు రాదు. పాలస్తీనా ఊరికి బోరు వేయాలంటే మాత్రం కమిటీ ఒప్పుకోవాలి. పైపులైను ఏరియా-సి (అదే ఒప్పందం ప్రకారం పూర్తిగా ఇజ్రాయెల్ అదుపులో ఉండే భాగం) మీదుగా పోతే ఇజ్రాయెల్ సైనిక పాలనా విభాగం పర్మిట్ కూడా కావాలి. వెస్ట్ బ్యాంక్‌లో దాదాపు 60 శాతం ఏరియా-సియే!

కాబట్టి ఏ ఉమ్మడి సంస్థ పెట్టినా పరిధి రెండు వైపులా ఒకేలా ఉండాలి. ఫలానా గడువులోగా తేలకపోతే మూడో పక్షం తీర్పు చెప్పాలన్న షరతు ఒప్పందంలోనే రాసుకోవాలి.