మైకుసెట్టును మట్టుబెట్టే సులువైన మార్గం

పాత వాల్వు యాంప్లిఫయర్‌ను, అంటే గాజుబుడ్డి వాల్వులతో శబ్దం పెంచే మైకుసెట్టును, బాగుచేయడం మీద సలహాలకు కొదవ లేదు. చంపడం మీద మాత్రం పద్ధతైన వ్యాసం ఒక్కటీ కనపడదు. 1948లో బెజవాడ రేడియో స్టేషను మొదలైన నాటి నుంచీ వాల్వుల నాదానికి అలవాటుపడ్డ ప్రాంతం మనది. ఆ మాత్రం శాస్త్రం మనకూ ఉండాలి.

పెళ్లిళ్లలో, సప్తాహాల్లో అరిచి అలిసిన మైకుసెట్టును అటక మీంచి దించగానే ప్లగ్గు పెట్టేయాలి. ఏళ్ల తరబడి కరెంటు తగలని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లలో, అంటే ఛార్జిని నిలవుంచే డబ్బాల్లో, కరెంటును అడ్డుకునే లోపలి ఆక్సైడు పొర చెడిపోయి ఉంటుంది. ఒక్కసారిగా 400 వోల్టులు పడితే లీకేజీ పెరిగి, వేడెక్కి, టప్పున పేలతాయి. ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ వాల్వూ, పవర్ ట్రాన్స్‌ఫార్మరూ వాటి వెంటే పోతాయి.

చాదస్తులు కొందరు ముందు వాల్వులన్నీ పీకి, మెయిన్స్‌కు సిరీస్‌లో 100 వాట్ల ఫిలమెంటు బల్బు కడతారు. బల్బు మినుకుమంటే పరవాలేదట, నిండుగా వెలిగితే షార్టు ఉన్నట్టట. ఎల్‌ఈడీ బల్బు ఇందుకు పనికిరాదని గవర్నరుపేట కొట్లలో పాత బల్బు కోసం వెతుకుతారు. అంత ఓపికుంటే కొత్త కెపాసిటర్లే వేసుకోవచ్చుగా? వేస్తారు, అదీ వదలరు.

వాల్వుల గాజును తడిగుడ్డతో గట్టిగా తుడవండి. పైన అచ్చేసిన నంబరు చెరిగితే ఈసీసీ83 రకం వాల్వు ఏదో, ఈసీసీ82 రకం ఏదో పోల్చుకోవడం కష్టం. రెండూ తొమ్మిది కాళ్లవే, రెండూ అదే సాకెట్లో దిగుతాయి. మొదటిదాని యాంప్లిఫికేషన్ ఫ్యాక్టర్, అంటే సిగ్నల్‌ను పెంచే సత్తా, 100, రెండోదానిది 17. గరగరలాడే వాల్యూం కంట్రోల్‌కు కాంటాక్ట్ క్లీనర్ ఎందుకు? కొబ్బరినూనె ఉందిగా! దుమ్మంతా అందులోనే అతుక్కుంటుంది.

అసలు మజా ఒక వాల్వు నుంచి మరోదానికి పాటను మాత్రమే పంపి డీసీని ఆపే కప్లింగ్ కెపాసిటర్లలో ఉంది. పాత పేపరు రకం తేమ పీల్చి, ముందు వాల్వు ప్లేటు మీది డీసీని స్పీకరును నడిపే ఔట్‌పుట్ వాల్వులో కరెంటును అదుపుచేసే గ్రిడ్డుకు జారవిడుస్తుంది. గ్రిడ్డుకు ఉండాల్సిన వోల్టేజీ, అంటే బయాస్, తప్పుతుంది, కరెంటు హద్దు మీరుతుంది, ప్లేటు ఎర్రగా కాలుతుంది. అబ్బ, ఎంత బాగా వెలుగుతోందో అని వీడియో తీయాల్సింది అప్పుడే. క్యాథోడ్ బయాస్ సెట్టులో (క్యాథోడ్ దగ్గరి రెసిస్టర్‌తోనే బయాస్ తెచ్చుకునే రకంలో) ఈఎల్34 ఔట్‌పుట్ వాల్వును తీసి, సాకెట్ 5వ పిన్ను, అంటే గ్రిడ్డు, దగ్గర మీటరు పెడితే సున్నా చూపాలి. పాజిటివ్ వోల్టులు కనిపిస్తే 630 వోల్టుల పాలీప్రొపిలీన్ కెపాసిటర్ వేయాలి. చూశారా, వీడియో పోయింది.

స్విచ్చాపి వెంటనే లోపల చెయ్యి పెట్టే ధీరులకు మాత్రం ఈ వ్యాసం సాయపడదు. ఫిల్టర్ కెపాసిటర్లలో (మొదట చెప్పిన ఎలక్ట్రోలైటిక్‌లే) నిలవున్న వోల్టేజీ ప్రాణం తీస్తుంది. 10 వాట్ల, 2.2 కిలోఓంల రెసిస్టర్‌తో దించి, మీటర్లో 10 వోల్టుల లోపు చూశాకే ముట్టుకోవాలి. చచ్చేది సెట్టు కావాలి గానీ మనిషి కాదు.

ఇంత జరిగినా బతికితే స్పీకరు తగిలించకుండా పాట పెట్టి వాల్యూం చివరిదాకా తిప్పండి. స్పీకరు లోడు లేక, వాల్వులను స్పీకరుతో కలిపే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు ప్రైమరీలో (వాల్వుల వైపు చుట్టులో) వోల్టేజీ ఎగదన్ని ఇన్సులేషన్‌ను చీలుస్తుంది. మళ్లీ చుట్టించాలంటే పాత చుట్లు లెక్కపెట్టాలి. తీగంతా మాడి ముద్దయ్యాక ఆ లెక్కల బాధా ఉండదు.