తూర్పు ముఖం వాచ్ టవర్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ వాచ్ టవర్ గారి సముఖానికి,

ఈ ఉదయం తమరి దర్శనమైంది. పక్షుల దర్శనం మాత్రం కాలేదు. గేటు తీసేసరికే సూర్యుడు తమరి కిటికీకి ఎదురుగా, నీటి మీద బెత్తెడెత్తున నిలబడి ఉన్నాడు. చెరువు నిండా పక్షులే. అన్నీ నల్లవే.

పక్షులు చురుగ్గా మేసేది పొద్దున్నే. ఆ వేళ వెలుగు వీపున పడాలి గాని కళ్ళల్లో కాదు. ఉల్లంకుల్ని, అంటే నీటి అంచున మేసే పొడుగుకాళ్ళ పక్షుల్ని, పోల్చుకోవడానికి కాళ్ళ రంగు పెద్ద ఆధారం: రెడ్‌షాంక్‌కి ఎరుపు, గ్రీన్‌షాంక్‌కి లేతపచ్చ, వుడ్ శాండ్‌పైపర్‌కి పసుపు. తమరి సన్నిధిలో అన్నిటికీ బొగ్గు కాళ్ళే. మగ సూదితోక బాతు ఒక్కటే తోక పుణ్యమా అని దొరికింది. ఆడబాతుల ఊసెత్తకండి. గాడ్వాల్ రెక్క మీది తెల్లమచ్చా, టీల్ రెక్క మీది పచ్చమచ్చా ఎదురెండలో ఒకటే మసి. 8 రెట్లు పెద్దగా చూపే 8×42 బైనాక్యులర్స్ ఎంత ఖరీదైనవైనా తెల్లటి పొగే చూపించాయి. పొరపాటున సూర్యుడి మీదికి తిప్పితే చూపే పోతుంది.

సాయంత్రం రమ్మంటారా? నిజమే, అప్పుడు ఎండ వెనక నుంచి పడి ఈక ఈకా లెక్కపెట్టొచ్చు. ఆ వెలుగు మొదలయ్యేసరికి గేటు మూస్తారు.

తమరి ఇనుప మెట్ల మోతకు బాతుల గుంపు లేచిపోవడం, పిల్లల కళ్ళకు కిటికీ బదులు గోడే తగలడం చిన్న సంగతులు, వదిలేద్దాం. స్కోపును, అదే ట్రైపాడ్ మీద పెట్టి ఒంటికన్నుతో చూసే దుర్భిణిని, 60 రెట్లకు పెడితే పక్కవాళ్ళు కాలు మార్చినప్పుడల్లా కాళ్ళ కింది చెక్క నేల ఊగి పక్షి గల్లంతు. ట్రైపాడ్ మధ్య కడ్డీ పూర్తిగా దించి, 20 రెట్లకు తగ్గిస్తే కాస్త నిలుస్తుంది. ఎండ ముదిరాక నీటి మీద వేడిగాలి అలలాడుతుంది కాబట్టి అప్పుడూ 20 రెట్లే గతి.

ఏమయ్యా టవరూ, ఇక తమరు గిమరు లేదు. నిన్ను కట్టేముందు ఒక్కడైనా తెల్లారగట్ల ఈ గట్టు మీద నిలబడి చూశాడా? వలస పక్షులొచ్చే చలికాలంలో, భూమధ్యరేఖకు ఉత్తరాన సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు. దక్షిణ గట్టున కట్టి ఉత్తరానికి కిటికీ పెడితే రోజంతా వెలుగు వీపు వైపే ఉండేది. ఆ గట్టు మీద ఏం పెట్టారో తెలుసా? పార్కింగ్!

మనిషిని చూసి లేచిపోయే పక్షి ఆగి ఉన్న కారును అంతగా పట్టించుకోదు. కాబట్టి ఇకపై ఇంజిను ఆపి, అద్దం సగం దించి, దాని మీద ఇసుక సంచీ పెట్టి, లెన్స్ ఆనించి అక్కడే కూర్చుంటాం. నీ మెట్లు నువ్వే ఎక్కు.

ఇట్లు,
కళ్ళ ముందు ఇంకా పచ్చమచ్చలు తిరుగుతున్న ఒక సందర్శకుడు