వంగిన వెన్నులకు పడిన బాకీ

నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు మండలాల్లోని ఊళ్లలో వయసు మళ్లిన చాలామందిని వెనక నుంచి పిలిస్తే మెడ తిప్పి చూడరు. చూడలేరు. పిలిచిన మనిషిని చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి. మెడ దగ్గరా నడుము దగ్గరా ఎముకలు అతుక్కుపోయి కట్టెలా బిగుసుకుపోయి ఉంటాయి. నేల మీద కూర్చుంటే ఎవరో ఒకరు లేపాలి. మంచం మీద వెల్లకిలా పడుకోవడం కుదరదు. వీళ్లు చేసిందల్లా ఊళ్లో ఉన్న బోరింగు కొట్టుకుని ఆ నీళ్లు తాగడమే. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదు. ఇక్కడి రాతిపొరల్లో ఏళ్ల తరబడి నిలిచిన నీటిలో అది ఎన్నో రెట్లు ఉండేది.

ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బు సంగతి ప్రభుత్వాలకు తెలియక కాదు. పటిక, సున్నం కలిపి నీటిలో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ శాస్త్రవేత్తలు రూపొందించి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టారు. ఆఫ్రికా దేశాల్లో కూడా దాన్ని వాడి చూశారు. మన ఊరి పేరు అంత దూరం పోయింది కానీ మన పిల్లలు మాత్రం అవే నీళ్లు తాగుతూ, గారపట్టిన పళ్లు కనపడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతూ పెరిగారు. అమాయకుల బాధను చూస్తే పాలకుల మనసు దానంతట అదే కరుగుతుందని నమ్మేవాళ్లు నల్లగొండ చరిత్రను ఒకసారి చదవాలి.

ఇక్కడ మార్పు ఎలా మొదలైందో మా పాఠకుల్లో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జల సాధన సమితి పిలుపుతో సామాన్య జనం నామినేషన్లు వేశారు. గెలవాలని కాదు, నీళ్ల గోడు ఢిల్లీకి వినపడాలని. అప్పట్లో ధరావతు 500 రూపాయలు. ఆ రోజుల్లో బీద కుటుంబానికి అది చిన్న మొత్తమేమీ కాదు. ఓటేయడానికి వెళ్లినవాళ్ల చేతికి బ్యాలెట్ పత్రం పుస్తకంలా వచ్చింది. గెలిచింది సీపీఐ నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం. కానీ దేశమంతా మాట్లాడుకున్నది ఆ 480 గురించే.

దానికి రాజ్యం ఎలా స్పందించిందో కూడా చెప్పుకోవాలి. అదే ఏడాది ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి లోక్‌సభ అభ్యర్థి ధరావతును 10,000 రూపాయలకు పెంచారు. స్వతంత్రులకు పదిమంది ప్రతిపాదకులు ఉండాలన్నారు. మరికొన్ని చోట్ల కూడా అభ్యర్థులు వందల్లో నిలబడటంతో ఈ సవరణ అవసరమైందని అన్నారు. కావచ్చు. కానీ గోడు వెళ్లబోసుకునే దారిని ఇరుకు చేయడానికి కొన్ని నెలలు సరిపోతే, ఊరూరికీ కృష్ణా నీళ్లు ఇవ్వడానికి ఏళ్లకు ఏళ్లు పట్టాయి. ఈ తేడాను మేం ఇప్పటికీ క్షమించలేకపోతున్నాం.

అయినా జనం వెనక్కి తగ్గలేదు. శివన్నగూడెం అంశల స్వామి తన కాళ్లతో నడవలేని మనిషి. ఢిల్లీ వెళ్లి అప్పటి ప్రధాని వాజ్‌పేయి ఎదుట తన శరీరాన్నే సాక్ష్యంగా పెట్టాడు. 2022 జనవరిలో చనిపోయేదాకా సభల్లో, ధర్నాల్లో ఆయన గొంతు వినిపిస్తూనే ఉంది. జాలిపడమని ఆయన ఎవరినీ అడగలేదు, నీళ్లు అడిగాడు.

ఈ నేలకు ఇది కొత్త కాదు. భూమి కోసం దొరతో పోరాడిన రైతు షేక్ బందగీని చంపినప్పుడూ జనం కుమిలిపోయారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగేసరికి, 1944 భువనగిరి ఆంధ్ర మహాసభ తర్వాత పెరిగిన సంఘాలు ఊళ్లలో ఉన్నాయి. ఏడుపును దొర గడీ మీదికి నడిపించింది ఆ సంఘమే.

మిషన్ భగీరథ నల్లా వచ్చాక ఫ్లోరైడ్ పీడిత ఆవాసం ఒక్కటీ మిగల్లేదని 2020లో ప్రభుత్వ లెక్కలు చెప్పాయి. కొత్త తరం పళ్లు తెల్లగా ఉన్నాయి. సంతోషం. కానీ ఎవరి వంగిన వెన్నులను చూపించి ఈ నీళ్లు సాధించుకున్నామో, వాళ్లకు ఆ నల్లా నీళ్లు ఏం చేస్తాయి? బిగిసిన ఎముక తిరిగి సాగదు. వాళ్లకు కావాల్సింది నొప్పి తగ్గే మందు, ఫిజియోథెరపీ, పింఛన్. వికలాంగ సర్టిఫికెట్లిచ్చే సదరం క్యాంపులో వైకల్యం 40 శాతానికి తక్కువని రాస్తే పింఛన్ రాదు. మెడ తిరగని మనిషి బాధను ఆ శాతం ఎంతవరకు కొలుస్తుంది? ఫ్లోరోసిస్ బాధితులకు వేరే కొలమానం పెట్టి, డాక్టర్లే ఊళ్లకు వెళ్లి సర్టిఫికెట్లు ఇవ్వాలి. నల్లా రాని రోజున జనం మళ్లీ బోరు దగ్గరికే పోతారు కాబట్టి ప్రతి ఊళ్లో నీటి పరీక్ష ఫలితాలను పంచాయతీ గోడ మీద రాయాలి.

ఇంకో బాకీ కూడా ఉంది. శ్రీశైలం నీటిని ఈ ఫ్లోరైడ్ ఊళ్లకు తేవడానికి తవ్వుతున్న శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్సెల్బీసీ) సొరంగం 2025 ఫిబ్రవరి 22న పాలమూరు ప్రాంతంలోని దోమలపెంట దగ్గర కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. జార్ఖండ్, యూపీ, పంజాబ్, జమ్మూకశ్మీర్ల నుంచి బతుకుదెరువు కోసం వచ్చినవాళ్లు. మార్చి నెలాఖరుకు ఇద్దరి మృతదేహాలే దొరికాయి. దేశంలో ఎన్నో డ్యాములు కట్టిన పాలమూరు కూలీల గడ్డకు పరాయి ఊళ్లో చచ్చిపోవడం అంటే ఏమిటో తెలుసు. నల్లగొండ నీళ్ల కోసం ప్రాణాలు పోయాయంటే వాళ్ల కుటుంబాలకు నల్లగొండ జవాబుదారీ. ఆ ప్రమాదం ఎందుకు జరిగిందో, ముందే ఏ హెచ్చరికలు అందాయో, ఎవరు పట్టించుకోలేదో పూర్తిగా బయటపెట్టాకే ప్రభుత్వం సొరంగంలోకి ఇంకో కూలీని పంపాలి. ఈ మాట గట్టిగా అడగాల్సింది ముందుగా నల్లగొండ ప్రజలే.