సవరణ: కాబూల్ ఫొటోలోవి సైన్యం కుక్కలు కావు

2021 ఆగస్టులో అమెరికా సైన్యం అఫ్గానిస్తాన్ వదిలి వెళ్తూ తన కుక్కలను కాబూల్ ఎయిర్‌పోర్టులో బోనుల్లో వదిలేసిందని, హ్యాండ్లర్లు (కుక్కలను వెంట నడిపించే సైనికులు) చూస్తూ ఊరుకున్నారని మొన్నటి పోస్టులో ఒక ఫొటో పెట్టి రాశాను. అది తప్పు. ఆ ఫొటోలోవి కాబూల్‌లోని ఒక జంతు సంరక్షణ సంస్థ చూసుకుంటున్న జంతువులు. సైన్యం తన కుక్క ఒక్కదాన్ని కూడా అక్కడ వదల్లేదని అమెరికా రక్షణ శాఖ అప్పుడే ప్రకటించింది. బోనులు, వాటి వెనక హెలికాప్టర్ చూసి ఇంకేం ఆరా తీయకుండా షేర్ చేసేశాను.

అదే పోస్టులో వియత్నాం యుద్ధం గురించి రాసినదాంట్లో మార్పు లేదు. అక్కడ అమెరికా సైన్యంలో దాదాపు 4,000 కుక్కలు పనిచేస్తే తిరిగి ఇంటికి చేరినవి 200 దాకానే. మిగతావాటిలో చాలావాటిని మిగులు సామాను కింద లెక్కగట్టారు. ముందు నడుస్తూ, చెవులు నిక్కబొడిచి, పొంచి ఉన్న శత్రువును పసిగట్టిన కుక్క గొలుసును ఇంకొకరి చేతిలో పెట్టి విమానం ఎక్కాల్సి వచ్చింది హ్యాండ్లర్లుగా పనిచేసిన ఆ కుర్రాళ్లకు. చాలామంది దాన్ని జీవితాంతం మరిచిపోలేదు.

ఆ పరిస్థితి మారడానికి చాలా ఏళ్లే పట్టింది, అది నాకు ఇప్పటికీ మింగుడు పడదు. రిటైరైన సైనిక కుక్కలను దత్తత ఇచ్చే చట్టం 2000లో వచ్చింది. మాజీ హ్యాండ్లర్‌కు మొదటి అవకాశం ఇవ్వాలన్న నిబంధన 2015 చివర్లో చేరింది.

పాత పోస్టులో ఫొటో, హ్యాండ్లర్లను నిందించిన వాక్యం తీసేశాను. దాన్ని షేర్ చేసినవాళ్లు దయచేసి ఇది కూడా జత చేయండి.