ఇసుక బస్తాలు పికప్‌ని ఆపవు

చలి మొదలై రోడ్ల మీద మంచు పేరుకోగానే అమెరికాలో, మిషిగన్‌లో మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతుంది. వెనక చక్రాలు తోసే పికప్ ఉంటే బెడ్‌లో, అంటే వెనక తొట్టిలో, ఇసుక బస్తాలు వేసుకోండి, వింటర్ టైర్లు అక్కర్లేదు. ఎంత బరువైతే అంత పట్టు. తొట్టి చివరి తలుపు, అదే టెయిల్‌గేట్, దగ్గర వేస్తే ఇంకా మంచిది. కారున్నవాళ్ళు డిక్కీలో బియ్యం బస్తాలు వేసుకోవచ్చు. ఈసారి దాన్ని నాకు పంపింది మొన్ననే పికప్ కొన్న కుర్రాడు. రోజూ ఫ్రీవే మీద పనికి వెళ్ళొస్తాడు. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

ఇందులో నిజం కొంత ఉంది. ఖాళీ పికప్‌లో ఇంజిన్, క్యాబిన్ అన్నీ ముందే. వెనక రేకు తొట్టి తప్ప ఏమీ లేదు. బరువులో నూటికి అరవై పాళ్ళ దాకా ముందు చక్రాల మీదే పడుతుంది, బండిని తోయాల్సినవి వెనకవి. అందుకే గ్రీన్ పడ్డాక చక్రాలు గిర్రున తిరుగుతాయి, బండి కదలదు. బస్తాలు వేస్తే కదులుతుంది. ఎంత మేలో లెక్క వేద్దాం. 2000 కిలోల బండికి వెనక 840 కిలోలు, అంటే నూటికి 42 పాళ్ళు అనుకోండి. 60 పౌండ్ల బస్తాలు నాలుగు సరిగ్గా వెనక ఇరుసు మీద వేస్తే 109 కిలోలు. అప్పుడు వెనక వాటా 45 పాళ్ళు. ఉన్నదానికి పద్నాలుగో వంతు మెరుగు, అంతే.

"ఎంత బరువైతే అంత పట్టు" అన్న మాటే నన్ను భయపెట్టేది. బ్రేక్ వేసినప్పుడు టైరు పట్టు ఎంత పెరిగిందో, ఆపాల్సిన బరువూ అంతే పెరిగి ఉంటుంది. దానికీ దీనికీ చెల్లు. ఆగే దూరం తగ్గదు. మలుపులోనూ ఇదే లెక్క. నాలుగేళ్ళ కిందట జనవరిలో ఫ్రీవే ర్యాంపు దిగుతున్నాను, బెడ్‌లో ఆరు బస్తాలు. కింద రెడ్ సిగ్నల్. బ్రేక్ తొక్కితే పెడల్ పాదం కింద టకటకా కొట్టుకుంది. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తన పని తాను చేస్తోంది, బండి మాత్రం దిగుతూనే ఉంది. ఎక్కడో మంచు లేని తారు తగిలి ఒక కుదుపు రాగానే కట్టని బస్తాలు జారి నా వీపు వెనక రేకుకి ధబ్బున గుద్దుకున్నాయి. గీత దాటి కూడలి నడిమికి పోయి ఆగాను. అటునుంచి ఎవరూ రాలేదు కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నాను.

టెయిల్‌గేట్ దగ్గర వేయడం ఏతానికి వెనక బరువు కట్టినట్టు. ఇరుసుకి 60 సెంటీమీటర్లు వెనక అవే నాలుగు బస్తాలు పెడితే ముందు చక్రాల మీంచి 18 కిలోల దాకా తేలిపోతాయి. స్టీరింగ్ తిప్పేది ఆ చక్రాలనే కదా! బస్తాలు వెనక చక్రాల గూళ్ళ మధ్య ఉండాలి, పట్టీలతో బిగించి ఉండాలి. డ్రైవర్ తలుపు పక్క స్తంభం మీద స్టిక్కర్ చూడండి. మనుషులతో కలిపి ఎంత బరువు మోయొచ్చో దాని మీద ఉంటుంది.

ఇక బియ్యం బస్తాలు. మనవాళ్ళు నడిపే కామ్రీలు, కరోలాలు చాలావరకు ముందు చక్రాలతో లాగేవి. డిక్కీలో బరువు వేస్తే లాగే చక్రాలే తేలికవుతాయి. దయచేసి వేయకండి.

టైర్ల సంగతి. మామూలు రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడితే గట్టిపడుతుంది. వింటర్ టైరు మెత్తగానే ఉంటుంది, దాని పక్క గోడ మీద మూడు శిఖరాల కొండ, అందులో మంచు రేకు గుర్తు ఉంటుంది. కదలడానికీ, ఆగడానికీ, తిరగడానికీ పనికొచ్చేది అదొక్కటే. నాలుగు చక్రాలకీ వేయించాలి. కెనడాలోని క్యుబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా కార్లకి చట్టమే తప్పనిసరి చేసింది.

తమ్ముడూ, టైర్లు వేయించాక బస్తాలూ వేసుకో, వద్దనను. ఒకటి మాత్రం తడి తగలకుండా క్యాబిన్‌లో ఉంచు. తడిసిన ఇసుక గడ్డకడితే పారతో కొట్టినా పగలదు. చక్రం కూరుకుపోయిన రోజు ఆ పొడి ఇసుకే కింద చల్లాలి.