ఒక్క చేత్తో ముడుచుకుంటానని మాటిచ్చిన స్ట్రోలర్ గారికి

మహారాజశ్రీ మడత స్ట్రోలర్ గారికి, అనగా మా బుజ్జిదాని పిల్లబండి గారికి,

లండన్ నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ మేము క్షేమం కాము. తమరు మాత్రం హోటల్ గదిలో కాళ్ళు బారచాపుకుని చాలా క్షేమంగా ఉన్నారు. మీరిలా తెరుచుకుని ఉంటే మా బాత్రూమ్ తలుపు తెరుచుకోదు. సరే, గది అంతే ఉంది, ఆ తప్పు మీది కాదు. ఇవాళ మధ్యాహ్నం బస్సులో తమరు చేసిన నిర్వాకం సంగతి తేలుద్దాం.

మిమ్మల్ని కొన్న అట్టపెట్టె మీద ఒక బొమ్మ ఉండేది, గుర్తుందా? ఒకమ్మాయి చంకలో బిడ్డని పెట్టుకుని, నవ్వుతూ, రెండో చేత్తో మిమ్మల్ని గొడుగు ముడిచినట్టు ముడిచేస్తుంటుంది. జుట్టు కూడా చెదరదు. కింద 'ఒక్క చేత్తో, మూడే సెకన్లలో' అని రాసుంది. ఆ బొమ్మని నమ్మే ఇంకో రెండు వేలు ఎక్కువ పెట్టాం.

సౌత్ కెన్సింగ్టన్‌లో మ్యూజియం చూసుకుని బస్సెక్కాం. చూశామంటే ఏం చూశాంలెండి. తల మీద 25 మీటర్ల నీలి తిమింగలం అస్థిపంజరం వేలాడుతుంటే, మా బుజ్జిది నేలకి అంటుకున్న ఒక స్టిక్కర్‌ని గీకుతూ పావుగంట కూర్చుంది. ఇక్కడి బస్సుల్లో మధ్యన కొంచెం ఖాళీ జాగా ఉంటుంది. అది చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళది. వాళ్ళు లేనప్పుడు పిల్లల బళ్ళు పెట్టుకోవచ్చు, వస్తే మడిచి జరగాలి. న్యాయమైన రూలు, నాకేం పేచీ లేదు. రెండు స్టాపులు దాటాక ఒకావిడ వచ్చారు. ర్యాంపు దిగింది, చోటివ్వమని మైకులో వినిపించింది. నేను బుజ్జిదాన్ని చంకనేసుకుని, ఆ బొమ్మలో అమ్మాయిలాగే నవ్వుతూ, మీ బటన్ నొక్కాను.

నొక్కాను. జరిపాను. మళ్ళీ నొక్కాను. కింద పెడల్‌ని కాలితో తన్నాను. "అలా కాదు, పైకి లాగి తిప్పాలి" అన్నారు మా ఆయన, రెండు చేతుల్లో రెండు బ్యాగులతో, దూరం నుంచి. లాగాను, తిప్పాను. తమరు సగం వంగి ఆగిపోయారు. బియ్యం బస్తా ఎత్తబోయి నడుం పట్టేసిన మా చిన్నాన్న సరిగ్గా అలాగే ఉండిపోయాడు ఒకసారి. ఇటు తెరుచుకోరు, అటు ముడుచుకోరు. బస్సంతా మమ్మల్నే చూస్తూ చూడనట్టు కూర్చుంది. మన ఆర్టీసీ బస్సయితే ఈపాటికి నలుగురు లేచి, "ఇటివ్వమ్మా" అని లాక్కుని, విరగ్గొట్టయినా మడిచి చేతిలో పెట్టేవాళ్ళు. చివరికి ఆ చక్రాల కుర్చీలో ఉన్నావిడే నాకు సారీ చెప్పారు. ఆవిడ, నాకు! తల కొట్టేసినట్టయింది. హైడ్ పార్క్ కార్నర్ దగ్గర దిగిపోయాం. బయట వాన.

దిగాక ఏం చేశారు తమరు? ఫుట్‌పాత్ మీద, నేను చెయ్యి కూడా వేయకుండా, హ్యాండిల్‌కి తగిలించిన బ్యాగు బరువుకే టపుక్కున ముడుచుకున్నారు. పాలసీసా, డైపర్లు, పులిహోర డబ్బాతో సహా. మూడు సెకన్లు కూడా పట్టలేదు.

ఇంక 'మీరు' అనడం నా వల్ల కాదు.

నీ వంశం ఎలాంటిదో తెలుసా నీకు? గొడుగులా ముడుచుకునే తేలిక బండి పుట్టింది ఈ దేశంలోనే. ఓవెన్ మెక్లారెన్ అని ఒక విమాన ఇంజినీరు, స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం చక్రాల అమరిక మీద పనిచేసినాయన. కూతురు పెద్ద పిల్లబండితో పడుతున్న అవస్థ చూడలేక, మూడు కిలోల లోపు బరువుతో అల్యూమినియం బండి తయారుచేసి 1965లో పేటెంటుకి పెట్టాడు. అంటే నువ్వు పుట్టిందే నాలాంటి ఒక తల్లి కోసం. స్పిట్‌ఫైర్ యుద్ధం మధ్యలో, ఆకాశంలో కాళ్ళు ముడుచుకుంది. నీకు నిలబడి ఉన్న బస్సులో చేతకాలేదు.

పోనీ పిల్లనైనా మోశావా అంటే అదీ లేదు. ఐదు రోజుల్లో నీ మీద ఎక్కినవి తడిసిన జాకెట్లు, రెండు గొడుగులు, సగం తిన్న అరటిపండు. పిల్ల మా భుజాల మీద. ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో అంత జనంలో నిన్ను తనే తోస్తానని ఒకటే గోల. తోసింది కూడా, ముందువాళ్ళ మడమలన్నీ వరసగా గుద్దుకుంటూ. మొన్న కోవెంట్ గార్డెన్ స్టేషన్లో లిఫ్టు దగ్గర గుంపు చూసి "మెట్లెక్కేద్దాం" అన్నది మా ఆయనే, 193 మెట్లని బోర్డు ఉన్నా సరే. ఆ పాపం నీకు అంటగట్టను. కానీ గుండ్రంగా తిరిగే ఆ మెట్ల మీద నిన్ను మోస్తుంటే మెట్టుకోసారి నా మోకాలిని చక్రంతో కొట్టాల్సిన అవసరం ఏమొచ్చింది? ఫోన్లో మా అత్తగారికి చెప్పుకుంటే, "మీ ఆయన్ని చంకనేసుకుని అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కాన్నేను. బండీ లేదు, గిండీ లేదు" అన్నారు. దీనికి నువ్వే చెప్పు జవాబు.

ఇందాక ఫోన్ టార్చి వేసి నీ కీళ్ళు చూశాను. ఎడమ కీలు సందులో నలిగి పిండైన జంతిక ముక్క ఉంది, వాము గింజ కూడా కనిపించింది. శంషాబాద్‌లో ఏడుపు ఆపడానికి బుజ్జిదానికి ఇచ్చిన జంతికే. అది తినడం మానేసి ఎక్కడ దాచిందో ఇప్పుడర్థమైంది. సరే, సగం తప్పు మా ఇంటిదే. అయినా ఒక్క జంతిక ముక్కకే ఆగిపోతావా?

వాన తగ్గాక సెయింట్ జేమ్స్ పార్కులోంచి నడిచాం. 1664 నుంచీ పెలికాన్లు ఉంటున్న చెరువు. పొద్దుట్నుంచీ "పెద్ద బాతు, పెద్ద బాతు" అని చంపేసిన పిల్ల, సరిగ్గా చెరువుకి పది అడుగుల ముందు "నా బండి" అని తనంతట తనే నీలోకెక్కి, తల పక్కకి వాల్చి నిద్రపోయింది. పెద్ద బాతుని మేమిద్దరమే చూశాం. నీ చక్రాలు ఆగితే అది లేస్తుంది. అందుకని ఆగకుండా ట్రఫాల్గర్ స్క్వేర్ దాకా వెళ్ళి, అక్కడా ఆగలేక, నెల్సన్ స్తంభం చుట్టూ, ఆ నాలుగు సింహాల చుట్టూ తిరగడం మొదలుపెట్టాం. వీసా కోసం చిలుకూరులో 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకున్నాం. వీసా వచ్చాక చేయాల్సిన 108 ఇంకా బాకీ. పదిహేడో చుట్టులో మా ఆయన, "ఇవి ఆ లెక్కలోకి వస్తాయంటావా?" అన్నారు. పెళ్ళయ్యాక మేమిద్దరం చేతిలో ఫోన్ లేకుండా అంతసేపు నడిచింది ఇవాళే. నీ ముందు చక్రం కిర్రుమంటూనే ఉంది.

ఇప్పుడు రాత్రి పదకొండు. బుజ్జిది ఇంకా నీలోనే, నోరు తెరుచుకుని, ఒక బూటుతో నిద్రపోతోంది. మా ఆయన కింద రిసెప్షన్ పక్కన ఉన్న బాత్రూమ్‌కి వెళ్ళొచ్చారు. నేనూ అక్కడికే వెళ్తాను. నేను తిరిగొచ్చేదాకా ముడుచుకోకు, నీకు దణ్ణం పెడతాను.

ఇట్లు,
మోకాలి మీద నీ చక్రం అచ్చుతో,
నీ యజమానురాలు