కంప్రెసర్‌ను తిట్టకండి, చిల్లు వెతకండి

మా బండికి వెనక గాలి సస్పెన్షన్, అంటే స్ప్రింగుల బదులు గాలి మీద నిలబడుతుంది. పొద్దున్నే గరాజు తలుపు తీసేసరికి అది కుక్క కూర్చున్నట్టు వెనక కాళ్ల మీద కూర్చుని ఉండేది. ముందు భాగం మామూలుగానే ఉండేది. వెనక కుడివైపు మాత్రం టైరుకీ ఫెండర్‌కీ మధ్య రెండు వేళ్లు కూడా పట్టేవి కావు. స్టార్ట్ చేయగానే కింద ఎక్కడో తేనెతుట్టె కదిలినట్టు జుయ్‌మని శబ్దం వచ్చేది, కాసేపటికి బండి లేచి నిలబడేది. లేస్తోంది కదా అని రెండు నెలలు ఊరుకున్నాను. ఈ వ్యాసం రాయాలనిపించడానికి కారణం ఆ రెండు నెలలే.

మూడో నెలలో లేవడం మానేసింది. డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది. ఒక వర్క్‌షాపుకు తీసుకెళ్తే కంప్యూటర్ తగిలించి, కాగితం తీసి, "కంప్రెసర్ పోయింది" అన్నారు. సస్పెన్షన్‌లోకి గాలి నింపే పంపు అది. మార్చారు. దీపం ఆరింది, బండి లేచింది, బిల్లు కట్టి ఇంటికొచ్చాను. ఐదు నెలలు తిరక్కుండానే కొత్త కంప్రెసర్ కూడా మూలపడింది. కంప్రెసర్ పోయిందన్న మాట అబద్ధం కాదు. కానీ అది ఎందుకు పోయిందని వాళ్లూ ఆలోచించలేదు, నేనూ అడగలేదు. మేడ మీద ట్యాంకుకు చిల్లు పడితే కింద మోటారు మార్చుకుని మురిసిపోయినట్టయింది నా పని.

మన కార్ల క్లబ్బు సభ్యుల్లో మూడు వరసల సీట్లున్న పెద్ద ఎస్‌యూవీలు నడిపేవాళ్లు చాలామందే. వాటిలో కొన్నిటికి ముందు ఉక్కు స్ప్రింగులు, వెనక మాత్రం గాలి ఉంటుంది. ఉక్కు స్ప్రింగు ఉండాల్సిన చోట రెండు వైపులా మందపాటి రబ్బరు తిత్తులు ఉంటాయి. మెకానిక్కులు వీటిని ఎయిర్ బ్యాగులంటారు. నేను ఫోన్‌లో "ఎయిర్ బ్యాగ్ పోయింది" అంటే మా ఆవిడ "అయ్యో, ఎవరు గుద్దారు? మీకేం కాలేదు కదా?" అని కంగారుపడింది. అందుకే నేను తిత్తి అనే అంటాను. కొలిమి తిత్తిని చూసినవాళ్లకు ఇదేమిటో వేరే చెప్పక్కర్లేదు. కంప్రెసర్ బయటి గాలిని పీల్చి, తేమను లాగేసే గుళికలున్న డ్రైయర్ గుండా పంపుతుంది. అక్కణ్నుంచి ఏ తిత్తికి గాలి పోవాలో తెరిచి మూసే వాల్వ్ బ్లాక్, సన్నటి ప్లాస్టిక్ పైపులు, చివరికి తిత్తులు. బండి ఎంత ఎత్తులో ఉందో చెప్పడానికి హైట్ సెన్సర్లుంటాయి.

చాలా బళ్లలో కంప్యూటర్‌కు లీకు గురించి నేరుగా ఏమీ తెలియదు. దానికి తెలిసేది ఎత్తు, సమయం. "బండి కిందికి ఉంది, కంప్రెసర్ తిప్పాను, ఇంతసేపైనా లేవలేదు" అని లెక్కగట్టి ఒక కోడ్ రాసిపెడుతుంది. ఆ కోడ్ చదివిన మనిషికి కంప్రెసరే దోషిలా కనిపిస్తుంది. పాపం, అదేమో ఆగకుండా తిరగడానికి చేసింది కాదు. కాసేపు తిరిగి, చల్లారి, మళ్లీ అవసరమైతే తిరగాలి. తిత్తి కారుతుంటే రోజుకు రెండు మూడుసార్లు తిరగాల్సింది ఇరవైసార్లు తిరుగుతుంది. వేడెక్కి తనంతట తానే ఆగిపోతుంది, లోపల పిస్టన్ రింగు అరిగిపోతుంది, ఒక్కోసారి దానికి కరెంటు ఇచ్చే స్విచ్చు, అంటే రిలే, కాంటాక్టులు అతుక్కుపోయి ఆపినా ఆగదు. రాత్రంతా తిరిగి, పొద్దున్నకు బ్యాటరీని కూడా చంపేస్తుంది.

దీనికంటే నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచింది డ్రైయర్ సంగతి. బండి దిగాల్సి వచ్చినప్పుడు తిత్తుల్లోని పొడిగాలి మళ్లీ అదే డ్రైయర్ గుండా బయటికి పోతుంది. పోతూ పోతూ గుళికలు పట్టుకున్న తేమను తీసుకెళ్తుంది. అంటే డ్రైయర్ తనను తాను ఆరబెట్టుకుంటుందన్న మాట. లీకున్న బండిలో గాలి వచ్చిన దారినే పోదు, చిల్లులోంచి పోతుంది. డ్రైయర్‌కు తేమ రావడమే గానీ పోవడం ఉండదు. గుళికలు నానిపోతాయి, నీటి తడి వాల్వ్ బ్లాక్‌కు చేరుతుంది, చిలుము పడుతుంది, గడ్డకట్టే చలి ఉంటే అక్కడే మంచవుతుంది. రబ్బరు మడతలో సూదిమొన చిల్లు ఒకటి ఇలా వరసబెట్టి మూడు భాగాలను మింగుతుంది. నేను రెండు నెలలు ఊరుకున్నది దీన్ని చూస్తూ.

రెండోసారి ఎవరి దగ్గరికీ పోలేదు. కొలత టేపు తీసుకుని చదునైన చోట బండి పెట్టాను. కొలత నేల నుంచి తీయకూడదు. టైరులో గాలి తగ్గినా ఆ లెక్క మారిపోతుంది. చక్రం నడిబొడ్డు నుంచి ఫెండర్ అంచు దాకా తీయాలి. రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి, నాలుగు చక్రాలకూ తీసి కాగితం మీద రాసుకోవాలి. ఇక్కడే ఒక కిటుకుంది. కొన్ని మోడళ్లలో బండి ఆపేసి తాళం వేశాక కూడా కంప్యూటర్ అప్పుడప్పుడూ లేచి, ఒక మూల దిగిపోయి ఉంటే మిగతా మూలల్ని కూడా దాని సమానానికి దించుతుంది. పొద్దున చూస్తే అన్నీ దిగి ఉంటాయి, ఏది కారుతోందో దేవుడికే తెలియాలి. కాబట్టి కొలిచాక సస్పెన్షన్ ఫ్యూజు పీకేసి పడుకోవాలి. ఏ ఫ్యూజో బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది.

పొద్దున కాస్త దిగినంత మాత్రాన లీకని టెన్షన్ పడకండి. చలికి గాలి కుంచించుకుంటుంది. 27 డిగ్రీలు ఉన్నది రాత్రికి సున్నాకు పడితే, బరువు మారకపోయినా తిత్తిలో గాలి ఘనపరిమాణం సుమారు 9 శాతం తగ్గుతుంది. రెండు వైపులా ఒకేలా, కొంచెంగా దిగితే అది వాతావరణం. ఒకవైపు బాగా దిగితే అది చిల్లు. రెండు వైపులా బాగా దిగితే మాత్రం తేల్చడం కష్టం. వాల్వ్ బ్లాక్ కావచ్చు, రెండు తిత్తులూ ఒకేసారి ముసలివైపోయి ఉండొచ్చు, లేదా ఒకటి దిగుతూ, రెండు వైపులనూ కలిపే స్టెబిలైజర్ బారు ద్వారా రెండోదాన్ని కూడా కొంత లాగుతూ ఉండొచ్చు.

నా కాగితం మీద కుడివైపు నాలుగు వేళ్ల తేడా ఉంది.

తర్వాతి పరీక్ష సైకిల్ పంక్చర్ వేసేవాళ్లు మనకు ఎప్పుడో నేర్పిందే. ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు చూసినట్టే, ఇక్కడ గిన్నెలు తోమే సబ్బు నీళ్లు స్ప్రే సీసాలో పోసి కొట్టాలి. ముందుగా ఒక మాట, ఇందులో మొహమాటం లేదు: గాలి మీద నిలబడ్డ బండి కిందికి ఎవరూ దూరకండి. చక్రానికీ ఫెండర్‌కీ మధ్య చెయ్యి కూడా పెట్టకండి. జాకీ ఒక్కటే చాలదు, ఛాసీ కింద గట్టి స్టాండ్లు ఉండాలి. జాకీ ఎత్తేముందు లెవెలింగ్, అంటే బండి ఎత్తును కంప్యూటర్ తనంతట తానే సరిచేయడం, ఆపేయాలి, లేకపోతే మనం ఎత్తుతుంటే అది తన లెక్కలో తాను దించుతూ కూర్చుంటుంది.

స్టాండ్లు వేసి, టార్చి పట్టుకుని, తిత్తి చుట్టూ సబ్బునీళ్లు కొట్టాను. ఏమీ రాలేదు. పైన పైపు బిగించిన చోట కొట్టాను. అక్కడా లేదు. నిరాశగా కిందికి చూస్తే, తిత్తి తనలోకి తాను మడుచుకునే అడుగు భాగంలో ఏదో తెల్లగా కదులుతోంది. నేనేమో పెద్ద పెద్ద బుడగల కోసం చూస్తున్నాను. అక్కడ ఉన్నది ఆవగింజలకంటే చిన్న నురగ, కదిలీ కదలనట్టు ఉబ్బుతోంది. తుడిచేశాను. రెండు నిమిషాల్లో మళ్లీ అదే చోట అంతే నురగ. వేలితో రబ్బరును కొంచెం పక్కకు లాగి చూస్తే, ఎండిపోయిన చెరువులా సన్నటి నెర్రెలు, వాటి మధ్య ఇరుక్కున్న ఇసుక. బండి లేచినప్పుడల్లా, దిగినప్పుడల్లా ఆ మడత దొర్లుతుంది, ఇసుక రబ్బరును గీరుతూ ఉంటుంది. మడత ఏ ఎత్తులో ఉందన్నదాన్ని బట్టి చిల్లు ఒకసారి తెరుచుకుంటుంది, ఒకసారి మూసుకుంటుంది. అందుకే పరీక్ష ఒకే ఎత్తులో చేసి "లీకు లేదు" అని తేల్చేయకూడదు.

తిత్తిలోనూ పైపులోనూ ఏమీ దొరక్కపోతే వాల్వ్ బ్లాక్ ఫిట్టింగుల మీద కొట్టండి. అక్కడా లేకపోతే లోపలి వాల్వు సరిగ్గా మూసుకోక గాలి ఎగ్జాస్ట్ దారిలో జారిపోతూ ఉండొచ్చు. అది సబ్బుకు అంత తేలిగ్గా దొరకదు.

ఈ పనికి నాకు పట్టింది ఒక రాత్రి నిద్ర, గంట సమయం. మరి వర్క్‌షాపులో ఎందుకు చేయలేదు? వాళ్లను తిట్టిపోయడం సులువు. కానీ "సాయంత్రానికి బండి కావాలి" అన్నది నేనే. రాత్రంతా ఉంచి కొలిచే వీలు నేనివ్వలేదు. లీకు వెతకడానికి ప్రత్యేకంగా గంట లెక్క వేస్తే, "చూడ్డానికి కూడా డబ్బులా?" అని మూతి ముడిచేవాణ్నీ నేనే. పార్టు మారిస్తే కళ్లకు కనిపిస్తుంది, వెతకడం కనిపించదు. కనిపించేదానికే డబ్బిస్తామంటే అవతలివాళ్లూ కనిపించేదే చేస్తారు. కొలతల కాగితం, నురగ ఫొటో చేతిలో పెట్టుకుని వెళ్లి చూడండి, కౌంటర్ దగ్గర మాట తీరే మారిపోతుంది.

తిత్తి మార్చడం నేను, ఇదే బాధ పడ్డ మా స్నేహితుడు కలిసి చేశాం. స్టాండ్లు లేనివాళ్లు, ఓపిక లేనివాళ్లు మెకానిక్‌కు అప్పజెప్పడమే మేలు. ముందు గాలంతా వదిలేయాలి. లోపలి ఒత్తిడి టైరులో ఉండేదానికంటే చాలా ఎక్కువ. పైపు చివర పాత ఇత్తడి బిగింపు కొరికిన గాటు ఉంటే, అంతమేర పదునైన బ్లేడుతో తిన్నగా కోసి, కొత్త ఫిట్టింగులో ఆఖరిదాకా నెట్టాలి. వంకరగా కోస్తే కొత్త తిత్తికి కొత్త లీకు. తిత్తి మెలిపడకుండా కూర్చోవాలి. అన్నిటికంటే ముఖ్యం, గాలి నింపకుండా బండి బరువు దాని మీద వదలకూడదు. మావాడు ఉత్సాహంలో జాకీ దించబోయాడు, చెయ్యి పట్టుకుని ఆపాను. ఖాళీ తిత్తి మీద బరువు పడితే మడత ఇష్టమొచ్చినట్టు నలిగి, మొదటిరోజే చిరుగుతుంది.

ఒక్క కుడివైపే మార్చాను, పీనాసితనం. ఎడమది ఎనిమిది నెలలకు పోయింది. రెండూ ఒకే రోజు పుట్టినవి, ఒకే దారిలో తిరిగినవి. జతగా మార్చేయండి. కంప్రెసర్ మారిస్తే రిలే, డ్రైయర్ కూడా దానితోపాటే. ఇక లోపల టైరు సీలెంటు పోయమనీ, రబ్బరు అతుకు వేయమనీ చెప్పేవాళ్లుంటారు. సీలెంటు వాల్వులను మూసేస్తుంది, అతుకు ఆ మడతలో నిలవదు.

మన వాట్సాప్ గ్రూపులో దీనిమీద ఎప్పుడు మాటొచ్చినా తేలే తీర్పు ఒకటే: "ఈ గాలి గోల ఎందుకు, ఉక్కు స్ప్రింగులు పెట్టించేయ్." ఇది కొత్త సలహా కాదు. 1957లో కాడిలాక్ ఎల్డొరాడో బ్రౌమ్‌ను నాలుగు చక్రాలకూ గాలి సస్పెన్షన్‌తో తెచ్చింది. లీకులతో విసిగిపోయి చాలామంది ఉక్కు స్ప్రింగులకు మార్చుకున్నారు. పాత బండి, బరువులు మోసేది లేదు, ఇంకో రెండేళ్లు నడిస్తే చాలు అనుకుంటే నేనూ కాదనను. కానీ మూడో వరసలో మనుషులు, వెనక సామాను, ఒక్కోసారి ట్రెయిలరు కూడా ఉండే బండికి గాలి ఉన్నది సోకుకు కాదు. బరువు ఎంతైనా వెనక భాగం కుంగదు, హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో పడవు. ఉక్కు పెట్టాక ఈ లాభాలు పోతాయి. పైగా కంప్యూటర్‌కు నచ్చజెప్పే మాడ్యూల్ పెట్టకపోతే ఆ పసుపు దీపం అలా వెలుగుతూనే ఉంటుంది. పెద్ద బస్సులు, లారీలు చాలానే దశాబ్దాలుగా గాలి తిత్తుల మీద తిరుగుతున్నాయి. వాటిని చూసుకునేవాళ్లు రబ్బరును టైరులాగే అరిగే వస్తువుగా లెక్కేస్తారు. మనమేమో బండి ఉన్నంతకాలం ఉండాలని కోరుకుంటాం.

ఇది రాస్తుండగానే మన సభ్యుల్లోనే ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, నా బండి కూడా కూర్చుంటోంది. కంప్రెసర్ ఆర్డర్ పెట్టేశా, మీకు తెలిసిన మెకానిక్ ఉన్నాడా?"

"ఆర్డర్ ఆపగలిగితే ఆపు. టేపుందా ఇంట్లో? ఫ్యూజు పీకి పడుకో."

మర్నాడు మధ్యాహ్నం ఫొటో పంపాడు. ఎడమ తిత్తి అడుగున అదే ఆవగింజల నురగ. కింద రాశాడు: "రెండోవైపు కూడా ఉందన్నా, కానీ ఇంత లేదు. అటువైపుది ఇంకో ఏడాది ఆగుతుందంటారా?"

మా ఎడమ తిత్తి కథ చెప్పాను.